కళ్లంలో కళకు వాటా

కళ కళ కోసమా, కళ ప్రజల కోసమా? ఈ అంశం మీద వక్తృత్వపు పోటీ పెట్టని కాలేజీ తెలుగునాట ఉందంటే నమ్మడం కష్టం. రెండు పక్షాలవాళ్లూ బల్లలు గుద్ది మాట్లాడతారు. చప్పట్లు మోగుతాయి. న్యాయనిర్ణేతగారు ఇరుపక్షాలనూ మెచ్చుకుని, అసలు విషయం ఎటూ తేల్చకుండా బహుమతి ప్రకటిస్తారు. ఇన్ని తరాల చర్చలో పెద్దగా ఎవరూ పట్టించుకోని మూడో ప్రశ్న ఒకటుంది. కాస్త మోటు ప్రశ్నే. కళ ఎవరి కోసమైతేనేం గాని, కళాకారుడికి ఇంతకాలం అన్నం పెట్టింది ఎవరు?

రాజులు పెట్టారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అగ్రహారాలు, గండపెండేరాలు, కనకాభిషేకాలు! నిజమే, కానీ ఆ భాగ్యం ఎందరికి దక్కింది? ఆస్థానాల్లో చోటు దొరికిన కొద్దిమందిని పక్కన పెడితే, ఈ నేలమీద కథ చెప్పినవాడు, వేషం కట్టినవాడు, బొమ్మలాడించినవాడు, పటం గీసినవాడు, డప్పు కొట్టినవాడు తిన్నది రాజుగారి కూడు కాదు. రైతు కళ్లంలో కొలిచి పోసిన గింజలు. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. అక్షరాలా లెక్క.

ఈనాడు సభల్లో రెండు రకాల ఏడుపులు వినిపిస్తున్నాయి. జానపద కళలు నశించిపోతున్నాయని ఒకటి. వ్యవసాయం గిట్టుబాటు కావడం లేదని మరొకటి. మొదటిదానికి సాంస్కృతిక శాఖవాళ్లు, రెండోదానికి వ్యవసాయ శాఖవాళ్లు సమాధానం చెప్పుకుంటారు. ఇవి రెండు వేరువేరు కథలు కావనీ, ఒకే కథలో రెండు అధ్యాయాలనీ నా అభిప్రాయం. కళ్లం పోవడంతో కళకు కూడు పోయింది. అంతకంటే ముఖ్యంగా, సేద్యం ఎలా నడుస్తోందో దగ్గరుండి చూసే చోటు కళకు లేకుండా పోయింది. పాత కళ్లాన్ని తిరిగి తేలేం. తేవాలని కోరుకోవడం కూడా తప్పే, ఎందుకో తర్వాత చెబుతాను. కానీ గింజ కొలిచే చోటికి, ధర తేలే చోటికి కళ మళ్లీ నడిచి వెళ్లకపోతే అది రైతుకూ పనికిరాదు, కళగానూ నిలవదు.

కొలత దగ్గర కూర్చున్న కళ

కళ్లం అంటే తెలియని మిత్రులు ఈమధ్య మన కాలేజీల్లో ఎక్కువయ్యారు కనుక రెండు మాటలు చెప్పాలి. చేను కోసి, మోపులు కట్టి, కుప్ప వేసి, పశువుల చేత తొక్కించి, తూర్పారబట్టి, గింజను రాశి పోసే చోటు కళ్లం. తెలంగాణలో కల్లం అంటారు. పేడతో అలికి చదును చేసిన ఆ నేలమీద ఏడాది కష్టమంతా ఒక్కచోట కళ్లకు కనిపించేది. కుంచంతో కొలిచేటప్పుడు 'ఒకటి' అనేవారు కాదు. 'లాభం' అని మొదలుపెట్టి, ఆపైన రెండు, మూడు అని లెక్కించేవారు. రాశి ఇంటికి చేరకముందే వాటాలు తేలేవి. కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి మేర కొలిచేవారు. ఆ వరసలోనే కళాకారులూ వచ్చి కూర్చునేవారు.

చిందు యక్షగానం ఆడే కుటుంబాలకు ఫలానా ఊళ్లు మావి అనే మిరాసీ హక్కు ఉండేది. ఆ హక్కును బట్టి ఆ ఊళ్లకు వెళ్లి ఆట ఆడి, తమకు రావలసింది తీసుకునేవారు. 2005లో కన్నుమూసేదాకా ఆ ఆటకు మారుపేరుగా నిలిచిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఈ సంప్రదాయంలోంచి వచ్చిన మనిషే. చేర్యాల పటాల సంగతి ఇంకా ఆశ్చర్యం. ఒక్కొక్క కులం తన మూలపురుషుల కథ చెప్పించుకునేది. కథ చెప్పేవాళ్లు నకాషీ చిత్రకారుల దగ్గర మూరలకొద్దీ పటం గీయించుకునేవారు. పంట పండితే కథకుడికి గింజలు, కథకుడి దగ్గర గింజలుంటే చిత్రకారుడికి పని. ఆ పటానికి గుడ్డ తయారుచేసే పద్ధతే చూడండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టిస్తారు. బియ్యమూ చింతగింజా లేకుండా ఆ బొమ్మకు నిలబడే చోటే లేదన్నమాట.

వానలు మొహం చాటేస్తే ఊళ్లల్లో విరాటపర్వం చదివించేవారు, తోలుబొమ్మలాట ఆడించేవారు. వాన వచ్చిందా రాలేదా అన్నది వేరే సంగతి. ఊరంతా తన భయాన్ని ఒక కథలో పెట్టుకుని రాత్రల్లా మేలుకునే ఏర్పాటది.

ఇక పని పాటలు. ఇవి కళ్లం దాకా కూడా ఆగలేదు, పనితోపాటే పుట్టాయి. ఏతం తొక్కేవాడికీ, కపిల తోలేవాడికీ లయ తప్పకుండా చూసింది పాట. నాట్లు వేసే వరసలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. దంచేటప్పుడు రోకటి పాట, విసిరేటప్పుడు తిరగలి పాట. నేదునూరి గంగాధరం వంటివారు వీటిని ఏరి కూర్చారు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు 1956లో జానపద గేయ సాహిత్యం మీద డాక్టరేటు పొందడంతో విశ్వవిద్యాలయం తలుపు కూడా ఆ పాటకు తెరుచుకుంది. తలుపైతే తెరుచుకుంది గాని, ఆ తర్వాత కొన్నేళ్లకే పాట పుట్టిన పని మారడం మొదలుపెట్టింది.

కళ్లం రోడ్డెక్కింది

1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 వరి పండించి దేశం దృష్టిని తనవైపు తిప్పుకున్నారు. చివరికి ఆయన్ని 'మిస్టర్ ఐఆర్-8' అని పిలిచేదాకా వచ్చింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. బీపీటీ 5204 అనే ఆ బియ్యమే ఇవాళ్టికీ మనలో చాలామంది కంచాల్లో ఉంది. ఆకలి తీర్చిన ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడితే కృతఘ్నత అవుతుంది. అయితే ప్రతి కొత్త విత్తనమూ, ప్రతి కొత్త యంత్రమూ గింజతోపాటు బతుకు తీరును కూడా మార్చుకుంటూ వచ్చింది. ఆ రెండో లెక్క ఎవరూ రాయలేదు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పేదవాడి ఇంట వరి అన్నం ఉడికింది. ఇంతకు మించిన మేలు ఏముంటుంది? కానీ నీటి పారుదల, మార్కెట్టు, రేషను అన్నీ వరి పక్షానే నిలబడ్డాక జొన్న గటక, రాగి సంగటి, చోడి అంబలి, కొర్రన్నం మెల్లగా కంచంలోంచి తప్పుకున్నాయి. జొన్న తినాలంటే విసరాలి. విసరాలంటే తిరగలి ముందు కూర్చోవాలి. ఆ కూర్చున్న చోట పాట ఉంది. రేషను బియ్యం మిల్లులోంచి తయారై వస్తుంది. దానికి పాటతో పనేముంది? తిరగలి పాట ఎందుకు పోయిందని సాహిత్య సభల్లో వెతికితే దొరకదు. రేషను షాపులోనూ, పిండిమరలోనూ వెతకాలి.

ఆ తర్వాత కోత మిషను వచ్చింది. చేలో దిగి కోస్తుంది, నూరుస్తుంది, గింజను ట్రాక్టరు ట్రక్కులో పోస్తుంది. రోజుల పని గంటల్లో అయిపోతుంది. కుప్ప లేదు, కళ్లం లేదు, కుంచం లేదు, 'లాభం' అనే మాటా లేదు. గింజ మాత్రం పచ్చిగా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. అందుకని తారురోడ్డు మీద ఆరబోస్తారు. వరికోతల కాలంలో ఊరికి బస్సులో వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. కళ్లం రోడ్డెక్కింది! లారీ చక్రాల పక్కన ఆరుతున్న ఆ ధాన్యం దగ్గరికి ఏ హరిదాసు వస్తాడు? ఏ బొమ్మలాటవాడు వాటా అడుగుతాడు? రైతుకు దక్కేది గింజ కాదు, బ్యాంకు ఖాతాలో పడే ఒక అంకె. రాశిలోంచి దోసెడు తీసి పెట్టడం తేలిక. అంకెలోంచి దోసెడు ఎలా తీస్తారు?

చిన్న చిన్న సంగతుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసే వరికంకుల కుచ్చులు చూసే ఉంటారు. అవి అల్లాలంటే కొడవలితో పొడవుగా కోసిన కంకి కావాలి. మిషను నలిపేసిన గడ్డితో కుచ్చు అల్లడం ఎవరి తరం? సంక్రాంతి ముగ్గు ఒకప్పుడు బియ్యప్పిండితో వేసేవారు, చీమకు కూడా అందులో వాటా ఉండేది. ఇప్పుడు రాతిపొడితో వేస్తున్నాం, చీమ దాని దగ్గరికి రాదు. బతుకమ్మకు గునుగు కావాలి. గునుగును ఎవరూ నాటరు. మెట్టచేలలో దానంతట అది మొలిచే మొక్క. చేనంతా పత్తి వేసి కలుపు మందు కొడితే రైతు లెక్కలో అది కలుపు, చస్తుంది. బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. సంతోషమే. కానీ గునుగు మొలిచే గట్టు లేకపోతే పండుగకు పూలు పట్నం బజారులో కొనుక్కోవలసిందే.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతీ అంతే. అక్కడ పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ సన్న నూలుకు స్థానికంగా పండే కొండపత్తి కావాలి. ఆ పత్తి వేసే రైతు మానుకుంటే, ఆ చేప దొరకడం మానేస్తే, ఎన్ని అవార్డులిచ్చినా రాట్నం తిరగదు. కళను కాపాడాలంటే మ్యూజియం కడితే చాలదు. దాని వెనక ఒక విత్తనమో, ఒక చెరువో ఉంటుంది. దాన్ని కాపాడాలి.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు ఇవాళ అదే తోలుమీద, అదే రంగులతో దీపాలకు గొడుగులు చేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, బతకాలి కదా. వాళ్లలో ఒకరైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఒక్కటి గమనించండి. నిన్న ఊరి జనం ముందు రావణుడై అరిచిన బొమ్మ, ఇవాళ ఎవరి డ్రాయింగు రూములోనో నోరు మూసుకుని వెలుగుతోంది.

నడుము నొప్పికి పాట మందు కాదు

ఇంతవరకూ చదివి, 'ఇతను మళ్లీ ఎద్దులూ, నాగళ్లూ, కళ్లాలూ రావాలంటున్నాడు కాబోలు' అని కొందరు అనుకోవచ్చు. కానే కాదు. ఆ పొరపాటు అభిప్రాయాన్ని ఇక్కడే తుంచేయాలి.

నాటు పాట వినసొంపుగా ఉంటుంది, గట్టుమీద నిలబడి వింటే. మోకాలిలోతు బురదలో, జలగల మధ్య, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుము వంచిన ఆడమనిషిని అడగండి ఆ పాట ఎంత సొంపో! నొప్పి మరిచిపోవడానికి పాడింది తప్ప, మన సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడడానికి కాదు. ఆమె పాట పోతుందని యంత్రం వద్దనడం చదువుకున్నవాళ్ల విలాసం. ఆమె నడుము నిటారుగా నిలబడాలి. ఆ తర్వాతే పాట సంగతి.

కళ్లంలో వాటా అన్నానే, ఆ వాటా ఎలాంటిది? గౌరవంగా చేతికిచ్చిన కూలి కాదు. కులాన్ని బట్టి కొలిచిన మేర. చిందు ఆడినవాళ్లు ఊరి చివరే దిగాలి. డప్పు కొట్టినవాడు దూరంగానే నిలబడాలి. దేవుడి వేషం కట్టినంతసేపు దండం పెట్టినవాళ్లే, వేషం తీశాక అరుగెక్కనిచ్చేవారు కాదు. రాశి పోసిన పాలేరు చేతికి వచ్చేది తాలూ తప్పా. ఆ కళ్లంలో లెక్కలు రాసింది భూస్వామి. ఆ కళ్లం పోవడంలో కొంత విముక్తి కూడా ఉంది. దాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే కవిత్వం మనకొద్దు.

అయితే ఆ పాత ఏర్పాటులో ఒక్క నిజం ఉంది. అది మాత్రం పోగొట్టుకోకూడదు. కళాకారుడు పంట ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత పోయిందో కళ్లతో చూసేవాడు. రాశి చిన్నదైతే అతని వాటా తగ్గేది. కరువు అతని కడుపులోకీ వచ్చేది. రైతు మీద కథ చెప్పడానికి అతను ఎక్కడికో పోయి అధ్యయనం చేయనక్కర్లేదు. ఆ సంబంధం ఇవాళ తెగింది.

ప్లాస్టిక్ కొడవలి

తెగితే ఏమవుతుందో మన కాలేజీ వార్షికోత్సవాల్లో చూడొచ్చు. 'జానపద నృత్యం' అనే అంశం తప్పకుండా ఉంటుంది. మెరిసే పరికిణీలు, అట్టతో చేసిన నాగలి, ప్లాస్టిక్ కొడవలి, ప్లాస్టిక్ వరికంకి. సినిమా పాట రికార్డు పెట్టి నాలుగు నిమిషాలు ఎగురుతారు. ఆ ఎగిరే పిల్లల్లో కొందరి ఇళ్లల్లో ఆ వారమే ధాన్యం అమ్ముడుపోక రోడ్డుమీద ఉండొచ్చు. ఆ సంగతి వేదికెక్కదు. వేదికెక్కేది తలపాగా, మీసం, నవ్వు. ప్రభుత్వాల ప్రకటనల్లోనూ ఇదే బొమ్మ. ఎడ్లజత, నాగలి, ఉదయిస్తున్న సూర్యుడు. ఇవాళ చేలో డ్రోనుతో మందు కొడుతున్నారు, బొమ్మలో మాత్రం ఎడ్లు అలాగే నడుస్తున్నాయి. 'అన్నదాత' అనే ఒక్క మాటతో దండేసి, మనిషిని ఫొటోగా మార్చేశాం.

మన కళ ఎప్పుడూ ఇలాగే ఉందా? లేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు ఉలిక్కిపడ్డారు, కొన్నిచోట్ల ఆ సినిమాను నిషేధించారు. 1947 నాటి 'మా భూమి' నాటకంలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతాంగ పోరాటాన్ని రంగస్థలం మీదికి తెచ్చారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి' తీశారు. కొసరాజు రాసిన ఏరువాక పాట ఆ సినిమాలోదే. అది అంతగా జనం నోట పడడానికి కారణం రాగం ఒక్కటే కాదు, ఆయనకు ఏరువాక తెలుసు.

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' 1966లో వచ్చింది. ఆ కథలో ఏముంది? ఒక అప్పు. ఆ అప్పు తీర్చాలా వద్దా అని ఊరి రచ్చ మీద పంచాయితీ. కథ పొడుగునా అదే లెక్క. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, పంటలు మారాయి. అందరూ బాగుపడ్డట్టే కనబడుతున్న ఆ ఊళ్లో అప్పలరాముడి కుటుంబం మాత్రం ఎందుకు కూలిపోయిందో ఆయన రూపాయిల దారి వెంట నడిచి చూపించారు. ఒక్క అలంకారం లేదు. అర్ధశాస్త్రం పాఠంలో దొరకని అర్ధశాస్త్రం అందులో ఉంది. సేద్యం మీద కళ అంటే ఇదీ. రైతును పొగడడం కాదు, లెక్క విప్పడం.

1997, 98 సంవత్సరాల్లో వరంగల్ ప్రాంతంలో పత్తి రైతులు వరసగా పురుగుమందు తాగి చనిపోయారు. ఏ మందు కొట్టినా చావని పురుగును మనిషి చావు వెక్కిరించినట్టయింది. ఆ తర్వాత 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన 'కుబుసం' సినిమాలో గోరటి వెంకన్న పల్లె పాట, ఊరి చేతివృత్తులు ఒక్కొక్కటీ ఎవరి చేతుల్లోకి పోయాయో పేరు పేరునా చెప్పింది. ఆ పాటకు అంత బలం ఎక్కడిది? పల్లె అందంగా ఉండేదని చెప్పినందుకు కాదు. ఏ పని ఎలా పోయిందో చెప్పినందుకు.

మరి ఇవాళ్టి చేను మీద కథ ఏది? పత్తి విత్తనం పాకెట్టు మీద నాటకం ఏది? తేమ కొలిచే మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ ఎవరు గీశారు? కౌలుదారుకు గుర్తింపు కార్డులిస్తామని ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం చేశారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టా ఉన్నవాడికే వెళ్లింది. దున్నినవాడు కౌలుదారు అయితే అతని పేరు ఆ జాబితాలో లేదు. పాత కళ్లంలో ఎంత అన్యాయమున్నా, దున్నినవాడు అక్కడ కనీసం కంటికి కనిపించేవాడు. ఈ కొత్త కాగితాల కళ్లంలో అతను కనబడనే కనబడడు. ఇంతకన్నా నాటకీయమైన వస్తువు నాటక రచయితకు ఇంకేం కావాలి? తెలంగాణ పొలాల్లో ఇవాళ బీహారు నుంచి, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు నాట్లు వేస్తున్నారు. మన అన్నం మెతుకు వెనక ఇంకో భాష పాట ఉందన్నమాట. దాన్ని మనలో ఎవరైనా ఆగి విన్నారా?

జహీరాబాద్ బండ్లు

ఇదంతా నిరాశతో చెబుతున్నాను అనుకోకండి. దారి చూపినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లు విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నవాళ్లు కారు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. రెండు రూపాయల బియ్యం వచ్చిన సంవత్సరమే అది కూడా పుట్టడం కాకతాళీయం కావచ్చు. అందులో ఉన్న మహిళల్లో ఎక్కువమంది దళితులు, కాస్తంత చెలక ఉన్న చిన్న రైతులు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది వంటివి కలిపి పండించి విత్తనాన్ని తమ దగ్గరే దాచుకుంటారు. ఏటా సంక్రాంతి నుంచి దాదాపు నెలరోజులు 'పాత పంటల జాతర' చేస్తారు. ఎడ్లబండ్లను కంకులతో, గింజలతో అలంకరించి, పాటలు పాడుతూ ఊరూరా తిరుగుతారు. ఆ బండి ఒక కళాఖండం, అదే విత్తనాల కొట్టు, అదే సభావేదిక. చూసే జనం ప్రేక్షకులు కారు. 'ఈ విత్తనం ఎంతలో పండుతుంది, ఎన్ని నీళ్లు కావాలి' అని అడిగే రైతులు.

వాళ్లు అక్కడితో ఆగలేదు. కెమెరా పట్టి తమ చేల మీద, తమ తిండి మీద సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచనూరులో సంగం రేడియో మొదలైంది. ఊరి ఆడవాళ్లే పాడతారు, వాళ్లే రికార్డు చేస్తారు, వాళ్లే ప్రసారం చేస్తారు. ఈ సంస్థకు వెన్నెముకగా నిలిచిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా. ఆ ఏడాది పట్టణపు హోటళ్లలో కొర్ర బిర్యానీ ఫ్యాషను అయింది. కానీ కొర్ర అంటే ఫ్యాషను కాని రోజుల్లో, దాన్ని పేదవాడి తిండని చిన్నచూపు చూసిన రోజుల్లో, బండి మీద పెట్టి ఊరేగించింది ఈ అమ్మలే. పాట ఇక్కడ మళ్లీ గింజ పక్కన కూర్చుంది. ఈసారి కులం కొలిచిన మేర కోసం కాదు, తన సొంత హక్కుగా. అదీ తేడా. కళ్లం మళ్లీ వస్తే ఇలా రావాలి.

మనం చేయగలిగింది

మాటలు చెప్పి ముగిస్తే ఇది కూడా ఒక వక్తృత్వపు పోటీ అయి ఊరుకుంటుంది. అందుచేత మన విద్యార్థి సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఇవేవీ లక్షల ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది. జానపద గీతాల పోటీలో సినిమా రికార్డుకు స్వస్తి చెప్పాలి. పాడే విద్యార్థి ఆ పాట ఏ ఊరిది, ఏ పనిలో పాడేది, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పాలి. అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో కూర్చుని నేర్చుకు రమ్మనండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అందరి జేబులోనూ ఫోను ఉంది కదా, రీళ్లు చూడడానికి కాక ఆ పాట దాచడానికి కూడా అది పనికొస్తుంది. పాడినామె పేరు తప్పకుండా రాయాలి. 'అజ్ఞాత కవి' అని ఇంకెంతకాలం రాస్తాం? ఆమె అజ్ఞాత కాదు, మనం అడగలేదు, అంతే.

రెండోది. మన ఉత్సవానికి ఒక ఒగ్గుకథ దళాన్నో, చిందు మేళాన్నో, జముకుల కథ చెప్పేవాళ్లనో పిలిస్తే ముందుగా ఒప్పుకున్న పారితోషికం, దారి ఖర్చులు చేతికివ్వాలి. శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, ఫొటో తీసి పంపడం కాదు. శాలువాతో అత్తెసరు పెట్టుకోలేరు. సినీ గాయకుడికి అడిగినంత ఇచ్చే సంఘం, డప్పు కళాకారుడి దగ్గర బేరమాడడం సిగ్గుచేటు.

మూడోది, హాస్టలు మెస్సు. ఇది కూడా ఒక కళ్లమే. ఎన్ని బస్తాల బియ్యం ఇక్కడికి వస్తున్నాయో మెస్ సెక్రటరీకి తెలుసు. అవి ఏ రకమో, ఎక్కడ పండాయో తిన్నవాళ్లకు తెలియదు. నోటీసు బోర్డు మీద ఒక చిన్న లెక్క రాద్దాం. ఫలానా రకం బియ్యం, మనం కొన్నది ఇంతకు. దాని పక్కనే, 2025-26లో సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ రెండు అంకెల మధ్య ఎవరెవరు నిలబడి ఉన్నారో ఎకనామిక్స్ విద్యార్థులు వివరిస్తారు, నాటక విభాగంవాళ్లు ప్రదర్శిస్తారు. వారానికొక పూట జొన్నరొట్టో, రాగి సంగటో పెట్టించి, ఆ ధాన్యం నేరుగా పండించినవాళ్ల దగ్గరే కొందాం.

నాలుగోది ఈ సంచికకు సంబంధించింది. ఏటా మన సావనీరులో వెన్నెల మీద, స్నేహం మీద కవితలు వస్తూనే ఉన్నాయి, రానివ్వండి. కానీ వచ్చే ఏడాదికి 'ఒక ఎకరం లెక్క' పేరుతో కొన్ని పేజీలు విడిగా పెడదాం. రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఒక పంటకాలం లెక్క రాయాలి. దుక్కికెంత, విత్తనానికెంత, కౌలెంత, కలుపు తీసిన ఆడకూలీకి ఎంత, మగకూలీకి ఎంత, వడ్డీ ఎంత, చివరికి మిగిలిందెంత. ఆ లెక్క పక్కన బొమ్మలు వేసేవాళ్లు బొమ్మ వేయాలి. కథ రాసేవాళ్లు ఆ అంకెల్లోంచి కథ తీయాలి. రాయడానికి వస్తువు దొరకడం లేదని గొణిగే మిత్రులకు ఇంతకంటే మంచి వస్తువు ఎవరూ ఇవ్వలేరు. ఆడకూలీ, మగకూలీ అంకెల మధ్య తేడా ఒక్కటి చాలు, నవల రాయవచ్చు.

మనలో చాలామంది వ్యవసాయం వదిలించుకోవడానికే చదువుకుంటున్నాం. మన అమ్మానాన్నలు కూడా అందుకే చదివిస్తున్నారు. ఇందులో తప్పు లేదు, సిగ్గుపడవలసిందీ లేదు. బురదలోంచి బయటపడే హక్కు అందరికీ ఉంది. కానీ బయటపడ్డవాడు వెనక్కి తిరిగి చూసి, తాను ఏ లెక్కలోంచి బయటపడ్డాడో చెప్పగలిగితే అది కళ అవుతుంది. చెప్పకుండా, తలపాగా చుట్టుకుని ప్లాస్టిక్ కొడవలి ఊపితే అది వేషం మాత్రమే. వేషానికి చప్పట్లు వస్తాయి. కానీ రోడ్డుమీద ఆరుతున్న ధాన్యానికి ఆ చప్పట్ల వల్ల ఒక్క శాతం తేమ కూడా తగ్గదు.

కళ కళ కోసమా, ప్రజల కోసమా అని వచ్చే ఏడూ పోటీ పెట్టుకుందాం, తప్పులేదు. అయితే మాట్లాడేవాళ్లు ఒక్కసారి కొనుగోలు కేంద్రానికి వెళ్లి, కాటా దగ్గర ఒక పూట నిలబడి వచ్చి మాట్లాడాలనే నిబంధన పెడదాం. అప్పుడు చూద్దాం, చర్చ ఎటు తేలుతుందో!